కాకి తిప్పిన పాట

రండి, ఆ చాప ఇలా లాక్కుని దగ్గరగా కూర్చోండి. చేతిలో పనుంటే చేసుకుంటూనే వినండి, చెవి మాత్రం ఇటివ్వండి.

గుఢియారీలో రైలుపట్టాలకు దగ్గరే మా ఇల్లు. మావారిది రైల్వే ఉద్యోగం. పెళ్ళయ్యాక శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడే, ఈ హిందీ ఊళ్ళోనే ఉండిపోయాం. మా అమ్మాయి కాలేజీ అయ్యాక ముగ్గురు స్నేహితులను పోగేసి మా మేడమీద పాటల జట్టు పెట్టింది. తనది హార్మోనియం. ఇద్దరివి గిటార్లు. అభన్‌పూర్ అబ్బాయిది మాందర్, అంటే ఇక్కడి పల్లెల్లో మెడలో వేసుకుని వాయించే మద్దెల. వాళ్ళ పాటకు మొదలుండేది గాని, ముందే అనుకున్న చివర ఉండేది కాదు. భజనలా మొదలై, పెళ్ళి బాజాలా ఊగి, మా అత్తగారి జోలపాటలోకి దిగేది. ఎవరైనా చెయ్యెత్తితే పాట మలుపు తిరగాలి, అదొక్కటే వాళ్ళ కట్టుబాటు. ఆ సంగతి అప్పటికి నాకు తెలియదు. ఏ కంపెనీనీ అడక్కుండా వాళ్ళే రికార్డు చేసుకుని నెట్‌లో పెట్టేవారు, ఎవరైనా ఊరికే వినొచ్చు.

ఇంతలో మాందర్ అబ్బాయికి నాగ్‌పూర్‌లో ఉద్యోగం వచ్చింది. నలుగురూ కలిసి వాయించిన పెద్ద పాట ఒక్కటీ సరిగ్గా కుదరలేదు, ఎప్పుడూ ఏదో గోల అడ్డం వచ్చేది. అతను వెళ్ళే రోజు రానే వచ్చింది, బండి సాయంత్రం. ఆ పొద్దున కూడా కుదరకపోతే జట్టు అంతటితో సరి అని మా అమ్మాయి బెంగ.

నేనేమో అదే పొద్దున గుమ్మడి వడియాలు పెట్టి కూర్చున్నాను. ముందురోజు నానబోసిన పప్పు, మానేస్తే పులిసిపోదూ?

"పెట్టుకో అమ్మా, కానీ నోరెత్తకు," అంది అమ్మాయి. "కాకిని హుష్ అన్నావంటే మళ్ళీ షురూ నుంచి వాయించాల. టైమ్ లేదు."

"నోరు కుట్టీసుకుంటాన్లేవే," అని గొడుగేసుకుని మూల కూర్చున్నాను.

పాట మొదలైంది. నెమ్మదిగా, చల్లగా సాగుతోంది. గోడమీద కాకి వాలింది. నన్నొకసారి, వడియాలనొకసారి చూసి దిగనే దిగింది. నోరు తెరవకూడదు కదా, గబుక్కున చెయ్యెత్తాను. నాకెదురుగా కూర్చున్న మాందర్ అబ్బాయి అలవాటుకొద్దీ దరువు మార్చేశాడు. అతన్ని చూసి మిగతావాళ్ళూ అందుకున్నారు. కాకి ఎగిరి అటు చివర వాలింది. నేను మళ్ళీ ఎత్తాను. పాట మళ్ళీ తిరిగింది. తర్వాత దాని చుట్టాలూ వచ్చాయి. నేను లేచి, కొంగు తిప్పుతూ ఆ మూల నుంచి ఈ మూలకు పరుగు. పాట నాతోపాటే పరుగు. మా అమ్మాయి వాయిస్తూనే నవ్వు ఆపుకోలేక తల దించేసుకుంది. చివరికి ఆయాసపడి గోడకు చేరబడి చెయ్యి దించాను. పాట కూడా మెల్లగా దిగి ఆగింది.

అంతా పాడుచేశాననుకుని కొంగుతో మొహం కప్పుకున్నాను. మాందర్ అబ్బాయి మద్దెల పక్కన పెట్టి నా దగ్గరకొచ్చాడు. పాట ఎక్కడ తిరగాలో మీకెలా తెలిసింది ఆంటీ అని హిందీలో అడిగాడు.

"నాకేటి తెలుసు నాయనా, కాకికి తెలుసు," అన్నాను, హిందీ గుర్తురాక తెలుగులోనే. అమ్మాయి విడమరిచి చెప్పేసరికి నలుగురూ చాపమీద దొర్లి నవ్వారు.

అదే పాటను వీడియోతో సహా నెట్‌లో పెట్టారు. పలాస నుంచి మా చెల్లెలు ఫోను చేసింది. "అక్కా, అక్కడ కొంగు తిప్పుతూ గెంతుతున్నది నువ్వేనా? బావ చూశాడా?" బావ చూడడమేమిటి, ఆఫీసులో అందరికీ చూపించారు.

జట్టు విడిపోలేదు. వడియాలు పెట్టే రోజు ముందే అడిగి తెలుసుకుని, ఆ అబ్బాయి ఏటా సెలవు పెట్టి నాగ్‌పూర్ నుంచి వస్తాడు. ఈ ఏడూ పప్పు నానబోశాను. మేడమీద మద్దెల బిగిస్తున్నారు, వినిపిస్తోందా?

మీ ఇంటి వడియాలు కరకరలాడాలి. మీ మేడమీద పాట ఆగకూడదు. మీ గడప దాటి వెళ్ళినవాళ్ళు ఏటా నవ్వుతూ తిరిగి రావాలి. చల్లగా ఉండండి.