రెండో సీసా డాక్టరమ్మ

ఆవిడకి ఆ పేరు పెట్టింది సొంత వదినే. పెద్దాసుపత్రి మూడో అంతస్తులో వైరస్ పరీక్షల ల్యాబు ఆవిడది. కింద జ్వరాల వార్డులో హెడ్ నర్సు వదిన. జ్వరం మొదట్లో ఒక సీసా రక్తం, పద్నాలుగు రోజులకు మరో సీసా. రెండూ పక్కపక్కన పెట్టి, వైరస్‌తో పోరాడే యాంటీబాడీలు నాలుగింతలు పెరిగాయని చూస్తే తప్ప డాక్టరమ్మ నోటినుంచి జబ్బు పేరు ఊడిపడదు. పెద్ద డాక్టర్లు వచ్చి బతిమాలినా ఒకటే మాట. "రెండో సీసా రానివ్వండి."

"దీనికి పెళ్లెందుకు కాలేదనుకున్నారు? చూసుకోడానికొచ్చినవాణ్ణి పద్నాలుగు రోజులాగి మళ్లీ రమ్మందిట. వాడొస్తాడా?" అని వదిన వార్డంతా వినబడేలా అనేది. అందరికంటే ముందు డాక్టరమ్మే నవ్వేది.

ఊరికే వచ్చిన మొండితనం కాదు లెండి అది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక్క సీసా చూసి, తొందరపడి జబ్బు పేరు చెప్పేసింది. వార్డు మూసేశారు. ఆ రోగి ఇంటివాళ్లను వీధి కొళాయి దగ్గర నీళ్లు కూడా పట్టుకోనివ్వలేదు జనం. తీరా చూస్తే మామూలు జ్వరం. ఆ ఇంటావిడ ల్యాబు గుమ్మంలో నిలబడి తిట్టిన తిట్లు డాక్టరమ్మ చెవుల్లో అలాగే ఉండిపోయాయి. అప్పట్నుంచీ నిదానమే ప్రధానం అనుకుంది. ఆలస్యం అమృతం విషం అన్నదీ మన పెద్దలే. ఏది ఎప్పుడు పనికొస్తుందో మాత్రం ఆ మహానుభావులు చెప్పి పోలేదు!

చాలా ఏళ్ల తర్వాత ఒక లారీ డ్రైవరు చిగుళ్లనుంచి నెత్తురు కారుతూ వార్డులో చేరాడు. మొదటి సీసా పైకి వచ్చింది. పరీక్ష పలకలోని గుంటల్లో ఒక్కదానికి లేత పసుపు రంగు తిరిగింది. ఉందంటే ఉంది, లేదంటే లేదు. రోగి రక్తం తగిలితే పక్కవాళ్లకీ అంటుకునే వైరస్ అది. డాక్టరమ్మ రిజిస్టర్లో తేదీ వేసి 'అనుమానం' అని రాసుకుంది. అంతలో ఫోను మోగింది.

"ఏమ్మా, డ్రైవరు సంగతేమన్నా తేలిందా? వేరే గదిలో పెట్టమంటావా?" వదిన గొంతు.

"ఇంకా ఏం తేల్లేదు వదినా. రెండో సీసా రానీ."

"సరే తల్లీ! నీ రెండో సీసా వచ్చేసరికి వాడు లారీ ఎక్కి వెళ్లిపోతాడు," అని నవ్వి ఫోను పెట్టేసింది వదిన.

అనుమానంగా ఉంది, జాగ్రత్త అని ఒక్క ముక్క చెబితే నోటి ముత్యాలేమీ రాలిపోయేవి కావు. చెప్పలేదు.

పద్నాలుగో రోజున డ్రైవరు రెండో సీసా వచ్చింది, యాంటీబాడీలు నాలుగింతలు పెరిగాయి. అదే డబ్బాలో ఇంకో సీసా, దాని మీద వదిన పేరు. రెండు రోజులుగా ఒళ్లు కాలిపోతున్నా పని ఎక్కువైందనుకుని తిరిగిందట. డ్రైవరు లక్షణంగా నడిచి ఇంటికెళ్లాడు. వదిన ఆ సీసా వచ్చిన నాలుగో రోజున పోయింది. ఆమె రెండో సీసా రానే లేదు. రావడానికి మనిషుండాలిగా!

తర్వాత ఏడేళ్లు డాక్టరమ్మ చేసిన పరిశోధనంతా ఆ ఒక్క ఫోను గురించే. ఎక్కడెక్కడి ఆసుపత్రులనుంచో మొదటి సీసాల వివరాలు తెప్పించింది. అనుమానమని పక్కన పెట్టినవాటిలో పదింట ఆరు నిజమేనని తేలింది. అనుమానం కలిగిన గంటలోనే వార్డుకు ఫోను చేయాలి, జబ్బు పేరు ఊరంతా చాటనక్కర్లేదు, రోగిని వేరే గదిలో పెట్టి నర్సులు చేతి తొడుగులు వేసుకుంటే చాలు అని పుస్తకం రాసింది. ఇంత తేలికైన సంగతి! ఆ పద్ధతి పెట్టిన వార్డుల్లో నర్సులకు జబ్బు అంటుకోవడం దాదాపు ఆగిపోయింది. పదవీ విరమణ సభలో ఒక యువ డాక్టరు, "మేడమ్ వల్లే ఇవాళ మా నర్సులు క్షేమంగా ఇళ్లకు వెళ్తున్నారు" అంటే చప్పట్లు మోగాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నదాన్ని పట్టుకుని పొగుడుతారేమిటి వీళ్లు, అనుకుంది. అక్కడ కూర్చోలేకపోయింది.

నేరుగా అన్నయ్య దగ్గరికి వెళ్లింది. వదిన పోయినా ఆయన పుస్తకాల బైండింగు కొట్టు మానలేదు. జిగురు వాసన మధ్య కూర్చుని ఏదో లావు పుస్తకం కుడుతున్నాడు.

"అన్నయ్యా, వదిన ఫోన్ చేసిన రోజున నాకు అనుమానం ఉంది. ఉండీ చెప్పలేదు."

ఆయన తలెత్తలేదు. దారం ముడేసి పంటితో కొరికాడు.

"తెలుసు."

"ఎలా తెలుసు?"

"నీ పుస్తకం కుట్టింది నేనే కదమ్మా. మొదటి పట్టికలో మొదటి వరుస ఆ లారీ డ్రైవరుదే, తేదీ పక్కన 'అనుమానం' అని ఉంది. తేదీలు చదవడానికి డాక్టరు చదువు కావాలా?"

"అది కుట్టి ఐదేళ్లయింది! ఒక్కసారైనా అడగలేదేం?"

"నువ్వే చెబుతావని చూశాను. ప్రతి ఆదివారం వచ్చేదానివి, టీ తాగేదానివి. ఇవాళ చెబుతుందిలే అనుకునేవాణ్ణి. గ్లాసు కడిగిపెట్టి వెళ్లిపోయేదానివి." ఆయన సూదిని బల్ల మీద పెట్టాడు. "మీ వదిన పోయిందన్న కోపం ఎప్పుడో చల్లారిపోయిందమ్మా. ఈ ఐదేళ్ల కోపమే, ఏం చెయ్యాలో తెలీడం లేదు."

డాక్టరమ్మ పక్కనున్న స్టూలు మీద కూలబడి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆయన ఊరుకోమనలేదు, పొమ్మనీ అనలేదు. సూదిలోకి మళ్లీ దారం ఎక్కించుకున్నాడు.