ఎర్ర లైటు అడిగిన ఉప్పు

“పదకొండు బస్తాలు తమ్ముడూ! వంట రానివాడు కూడా ఉప్పు అంత గుడ్డిగా వెయ్యడు.”

పంపు గదిలో బోర్లించిన బకెట్ మీద కూర్చుని అంటున్నాడు పూల్ బాబాయ్. అపార్ట్‌మెంటులో పిల్లాపెద్దా అందరికీ ఆయన పేరు అదే. గుమ్మంలో నిలబడి వింటున్నాడు మూడో అంతస్తు టీచరు. బయట ఈతకొలను పాచిపట్టి పచ్చగా ఉంది. మూసేసి తొమ్మిది రోజులైంది. దాన్ని పూడ్చేసి కార్లు పెట్టుకుందామా అని తేల్చడానికి నాలుగింటికి మీటింగు.

ఇరవై రెండేళ్లుగా ఆయన చేతుల మీద నడిచిన కొలను అది. మొదట్లో క్లోరిన్ డబ్బాలు మోసేవాడు, తర్వాత బిళ్లలు వచ్చాయి. చొక్కాల నిండా తెల్లమచ్చలే. “మీరు తప్పిపోతే ఆనవాళ్లు చెప్పడం తేలిక,” అని ఆయన భార్య, అందరికీ పిన్ని, ఆటపట్టించేది. పిల్లల కళ్లు మండేవి, జుట్టు పీచులా అయ్యేది. అయితేనేం, పొద్దున్నే గాజు గొట్టంలో కాసిన్ని నీళ్లు పట్టి రెండు చుక్కల మందు వేస్తే, ఏది ఎంత పొయ్యాలో రంగే చెప్పేసేది.

పోయినేడు ఉప్పునీటి మిషను పెట్టారు. ఇక క్లోరిన్ గొడవే లేదని అందరూ సంబరపడ్డారు.

“మరి ఉప్పుకి పాచి చస్తుందా బాబాయ్?” అన్నాడు టీచరు.

“ఉప్పుకెక్కడ చస్తుంది! మిషన్లో పలకలుంటాయి. కరెంటు పెడితే ఉప్పునీళ్లలోంచి అక్కడికక్కడే క్లోరిన్ పుడుతుంది. బయట కొనేది ఇంట్లో చేసుకున్నట్టు, అంతే. కళ్లు మండవు, ఒళ్లు మెత్తగా ఉంటుంది, కాదనను. కానీ ఆ నీళ్లలో క్షారం పెరుగుతూనే ఉంటుంది. వారం వారం చూసి యాసిడ్ పొయ్యాలి. నేను చూశానా? ఆ గాజు గొట్టాలన్నీ అటకెక్కించా. మిషను ఉండగా ఈ పాతకాలపు చాదస్తం ఏమిటని నాకే సిగ్గేసింది.”

ఎర్ర లైటు వెలిగితే ఉప్పు తగ్గినట్టేనని మిషను బిగించినవాడు చెప్పి పోయాడు. లైటు వెలిగింది, బాబాయ్ బస్తా పోశాడు. ఆరలేదు, ఇంకోటి పోశాడు. అలా పదకొండు. ఇవాళ పొద్దున మిషను విప్పి చూస్తే, పెరిగిన క్షారానికి పలకల నిండా సున్నంలా తెల్లటి పెచ్చు. ఉప్పు మొదటినుంచీ చాలినంత ఉంది. ఉప్పును కొలిచేదీ ఆ పలకలే; పెచ్చు కట్టాక వాటికి అది తెలియలేదు. క్లోరిన్ పుట్టలేదు. పాచి పుట్టింది.

మీటింగులో తనని మాట్లాడనివ్వరు. మిషనే దండగ, కొలనే దండగ అని ఫ్లాట్లవాళ్లు అప్పుడే నిర్ణయానికి వచ్చేశారు. ఆయన బెంగ మాత్రం ఇంట్లో ఉన్న మనిషి కోసం. పిన్ని తుంటి కీళ్లు అరిగిపోయాయి. నేలమీద నాలుగడుగులు వెయ్యలేని మనిషి, రోజూ కొలను తెరవకముందు నడుంలోతు నీళ్లలో ఈ గోడనుంచి ఆ గోడకు నడిచేది. ఈ తొమ్మిది రోజుల్లో కాళ్లు కొయ్యబారాయి. నిన్న మంచం దిగలేక, “నా పని అయిపోయిందయ్యా,” అంది. ఆ మాట చెబుతూ బాబాయ్ ముఖం తిప్పుకున్నాడు.

“మిషను బాగానే ఉందని నేను చెబుతాగా,” అన్నాడు టీచరు.

“చెబితే తప్పు నాదని తేలుతుంది. పని పోతుంది. పని పోతే గేటు లోపలికి కూడా రానివ్వరు.” బకెట్ మీంచి లేచాడు. “పోనీ. కొలనైనా మిగులుతుంది. వెళ్లు తమ్ముడూ, సొంత ఫ్లాటున్నవాడివి, నీ మాట వింటారు. ఉప్పు పోసింది నేనేనని చెప్పు. పలకలు నీళ్లు కలిపిన యాసిడ్‌లో నానబెట్టి కడిగి, సగం నీళ్లు మార్చి, పాత డబ్బా క్లోరిన్ ఒకసారి గట్టిగా పట్టిస్తే మూడు రోజుల్లో తేటపడుతుందని చెప్పు. నన్ను ఉంచమని అడక్కు. పొద్దున్నే అరగంట మీ పిన్నిని దిగనివ్వమను. గేటుదాకా నేను తీసుకొస్తా. కొలను మెట్లు దిగేటప్పుడు మాత్రం ఎవరో ఒకరు చెయ్యి పట్టుకోవాలి. మీ ఆవిడని అడిగి చూస్తావా?”