సాక్షులందరికీ టీ పోసిన మనిషి

ఉదయం ఆరున్నరకు కాజీపేటలో రైలెక్కాను. ముప్పై ఏళ్లు పత్రికకు నేరవార్తలు రాసిన నాకు ఫిల్మ్‌నగర్ నుంచి పిలుపు రావడం ఇదే మొదలు. పిలిచింది సినిమావాళ్లు కాదు, న్యాయశాస్త్రం బోధించే ఒక ప్రొఫెసరమ్మ. సాక్షుల జ్ఞాపకశక్తి గురించి శాస్త్రజ్ఞులు తేల్చిన సంగతుల్ని పోలీసు అధికారులకూ కొత్త మేజిస్ట్రేట్లకూ ప్రయోగం చేసి చూపిస్తానన్నారు. అందుకు ఒక ప్రివ్యూ థియేటర్ తీసుకున్నారు.

సికింద్రాబాద్‌లో ఇడ్లీ తిని మెట్రో ఎక్కి, తొమ్మిదిన్నరకు జూబ్లీహిల్స్ చెక్‌పోస్టులో దిగాను. కింద ఆటో దగ్గర ఒకాయన నేను వెళ్లాల్సిన థియేటర్ పేరే చెబుతున్నాడు. ఇద్దరం ఒకే ఆటో ఎక్కాం. ఆయన పేరు రాములు, జనగామలో సిమెంటు దుకాణం.

“షూటింగు చూడ్డానికా?” అన్నాను.

“ఏం షూటింగు సార్! మా బావ యాదగిరి సినిమాలల్ల దొంగ ఏషాలేస్తడు. గొలుసు దొంగతనం కేసుల పట్టుకపోయిన్రు. సాక్ష్యం సాలదని కోర్టు ఇడిశిపెట్టింది గని, నాకైతే నమ్మకం లేదు. ఒకామె కండ్లార సూశి గుర్తువట్టింది గద! అప్పటిసంది అక్క మా ఇంట్లనే ఉంది. ఒక్కపారి వచ్చి సూడు బామ్మర్దీ అని ఒకటే ఫోన్లు. ఇయ్యాల తేల్చుకొని పోత.”

ఆటో డ్రైవర్ నవ్వాడు. “గీడ ఎవ్వరు ఆటో ఎక్కినా ఎక్కడనో సూశినట్టే ఉంటది అన్నా!”

పెద్ద పెద్ద గేట్ల ముందు డ్రైవర్లు కార్లు తుడుస్తున్నారు. మలుపులో మేకప్ వ్యాన్ అడ్డం రావడంతో కాసేపు ఆగాం. థియేటర్ గుమ్మంలో ఒకతను ఫ్లాస్కుతో టీ పోస్తున్నాడు. “గరం గరం ఛాయ్ సార్, జర పైలం” అంటూ నాకొక కప్పు ఇచ్చాడు. రాములు వద్దని మొహం తిప్పుకున్నాడు. టీ అలవాటు లేదేమో అనుకున్నాను.

పదిన్నరకు లైట్లు ఆర్పి చిన్న దృశ్యం చూపించారు. సందులో ఒకడు ఒక స్త్రీ చేతిసంచి లాక్కుని, ఒక్కసారి వెనక్కి చూసి పారిపోయాడు. తర్వాత ప్రొఫెసరమ్మ కాసేపు చట్టం గురించి మాట్లాడి, ఆరుగురిని నంబర్లతో తెర ముందు నిలబెట్టారు. “దొంగ నంబరు రాయండి” అన్నారు.

నేను తడుముకోకుండా నాలుగు అని రాశాను. చీటీలు చదివితే చాలామందిదీ అదే నంబరు. ముందు వరుసలోని పెద్ద అధికారి తొడ చరిచి, “ఆ చూపే చెబుతోందండీ!” అన్నారు.

నా పక్కన రాములు దిగ్గున లేచాడు. “గాయన గాదు సార్! గాయన మా బావ! పొద్దుగాల మీకందరికి ఛాయ్ వోసిండు గద!”

హాలంతా నవ్వులు. అందరికంటే గట్టిగా నవ్వింది ఆ అధికారే.

“అసలు దొంగ ఆ ఆరుగురిలో లేడండీ” అన్నారు ప్రొఫెసరమ్మ. గుమ్మంలో చూసిన ముఖాన్ని మన జ్ఞాపకం దొంగకు అతికించిందట. పక్క హాల్లోని బృందానికీ ఆ టీయే ఇచ్చి, ఆ దృశ్యమే చూపించారు. కాకపోతే వాళ్లకు ముందుగా, “దొంగ వీళ్లలో ఉండకపోవచ్చు” అని చెప్పారు. వాళ్లలో ఎక్కువమంది ‘లేడు’ అనే రాశారు. ప్రతి గుర్తింపు పరేడ్‌లోనూ సాక్షికి ఆ ఒక్క మాట చెప్పాలన్నదే ఆమె కోరిక.

“వచ్చే బ్యాచ్ నుంచే మా శిక్షణలో ఈ మాట ఉంటుందమ్మా. తొడ చరిచిన సంగతి మాత్రం పాఠంలో పెట్టకండి” అన్నారు అధికారి.

యాదగిరి మైకు అందుకున్నాడు. “అప్పుడు నన్ను సూపిచ్చిన ఆమెది గూడ తప్పు లేదు సార్. నా మొకం తెర మీద సూశింది, గంతే. ఇయ్యాలైతే మేకప్ లేకుంటనే దొంగనైన!”

భోజనాల తర్వాత ఫ్లాస్కు మళ్లీ బయటికి వచ్చింది. ఈసారి అది రాములు చేతిలో ఉంది. “నువ్వు కూసో బావా” అని మొదటి కప్పు యాదగిరికిచ్చి, రెండోది తాను తాగాడు.

సాయంత్రం రైల్లో రాములు ఫోన్లో అరుస్తున్నాడు. “అక్కా, బట్టలు సదురుకో. రేపు పొద్దుగాల నేనే తోలుకపోత... ఏంది? ఏడుస్తున్నవా, నవ్వుతున్నవా?”

ఎదుటి సీటులోని పెద్దావిడ చాలాసేపటి నుంచి నన్నే చూస్తోంది. చివరికి అడిగేసింది. “మిమ్మల్ని ఎక్కడో చూశానండీ...”

నేను నోరు తెరిచేలోపే రాములు చెయ్యి అడ్డం పెట్టాడు. “ఆగమ్మా, జర సోచాయించి చెప్పు. ఈయన గాకపోవచ్చు గూడ!”

జనగామలో అతను దిగేదాకా ముగ్గురం నవ్వుతూనే ఉన్నాం.