పెరటి పాకలో మూడు రోజులు

మా వదిన పురిటిలో చనిపోలేదు. చనిపోయి ఉంటే మా ఇంట్లో ఆమెను మంచిమాటలతో తలుచుకునేవారు, ఏటా ఒక ముత్తయిదువకు ఆమె పేర చీర పెట్టేవారు. ఆమె బతికింది. బతికాక ఏం జరిగిందో చెప్పడానికి ఇప్పుడు నేనొక్కదాన్నే మిగిలాను.

అప్పుడు గోదావరికి ఆనకట్ట కట్టి కోనసీమలోకి కాలవలు తవ్విస్తున్నారు. మా అన్నయ్య ఆ తవ్వకాల కచేరీలో గుమాస్తా. నెలకో రెండు నెలలకో ఒకసారి ఇంటికి వచ్చేవాడు. మా ఊరు పలివెలకు కోసెడు దూరం. నాన్నగారు అంతకు ముందే పోయారు. కొబ్బరితోట, వరిచేలు, ఒక పెట్టెడు తాటాకు పుస్తకాలు మిగిల్చారు. తోట, చేలు అమ్మ చూసుకునేది. పెట్టె తాళం ఎవరూ తీసేవారు కారు.

నాకు ఎనిమిదో ఏట పెళ్ళి చేశారు. పదకొండో ఏట అతను జ్వరంతో పోయాడు. పదమూడో ఏట పెద్దమనిషినయ్యాను. ఆ నెలలోనే మంగలిని పిలిపించి నా తల గొరిగించారు. వదినకు నొప్పులు వచ్చింది ఆ ఏడే.

వదిన తల్లి లేని పిల్ల. తండ్రి ఏటి అవతల ఊళ్ళో సంస్కృతం చెప్పే పండితుడు. మగపిల్లలు లేక కూతురికే చదువు చెప్పాడు. ఆ ఇంట్లో పురుడు పోసే ఆడదిక్కు లేదు కనుక తొలి కాన్పు మా ఇంట్లోనే జరిగింది.

విధవ ముఖం పురిటిలో కనబడకూడదు. గంపలు మాత్రం మోయవచ్చు. నెత్తురు పీల్చడానికి వేసే ఊకా బూడిదా గంపలకెత్తి నేను పురిటిగది గుమ్మం బయట పెట్టేదాన్ని. మంత్రసాని లోపలికి లాక్కునేది. మొదటి రోజు రెండు గంపలు పట్టాయి. మూడో రోజు మధ్యాహ్నం మగపిల్లవాడు పుట్టాడు. ఆ తరవాత మావి రాలేదు. మంత్రసాని వదిన జడ కొస ఆమె నోట్లోనే కుక్కి ఓకరించమంది. ఓకరించినా రాలేదు. చివరికి చెయ్యి పెట్టి లాగింది. అప్పుడు మొదలైన నెత్తురు సాయంత్రం దాకా ఆగలేదు. నేను పదకొండు గంపలు మోశాను. మధ్యలో ఒకసారి మంత్రసాని తల బయటపెట్టి, ఇంక గంపలు అక్కర్లేదు, ఆవిడ వెళ్ళిపోతోంది అంది. అమ్మ అరుగు మీదికి వెళ్ళి కట్టెలెన్ని ఉన్నాయో పాలేరును అడిగింది. అది నేను విన్నాను.

తరవాత నాన్నగారి పుస్తకాలు చదివినప్పుడు అందులో చాలా పురుళ్ళు తగిలాయి. దిక్కులు వెలుగుతాయి, చల్లగాలి వీస్తుంది, ఆకాశం నుంచి పువ్వులు రాలతాయి. ఊక గంప సంగతి ఒక్కరూ రాయలేదు.

తెల్లవారేసరికి వదినకు ఊపిరి ఉంది. కట్టెలు తిరిగి కొట్టంలో పేర్చారు.

మూడో నాడు పాలు పడాలి. పడలేదు. అయిదో నాడూ పడలేదు. మంత్రసాని నూనె రాసి పిసికింది, అమ్మ బాలింతలకిచ్చే కాయం మందు మింగించింది. పిల్లవాడు ఎండిన రొమ్ము పట్టుకుని లాగి లాగి ఏడ్చేవాడు. ఆవుపాలు నీళ్ళు కలిపి ఉగ్గుగిన్నెతో పోస్తే కక్కేవాడు. ఎదురింటి ఇల్లాలు చంటిపిల్ల తల్లి. ఆమెకు పాలు సమృద్ధిగా ఉండేవి. ఆమెకూ మా అమ్మకూ మాటల్లేవు. అమ్మ అడగలేదు. ఆ ఇంటి పెరట్లోకి తులసి కోసం రోజూ వెళ్ళేదాన్ని నేను. నేనూ అడగలేదు. పిల్లవాడు పంతొమ్మిదో నాడు పోయాడు. బిడ్డకు చుక్క పాలివ్వలేని మనిషి తల్లేమిటని అమ్మ వీధిలో వాళ్ళతో అంది.

పురిటి మైల పోయాక వదినను పనిలో పెట్టారు. నూతి దగ్గర చేద లాగుతూ కళ్ళు తిరిగి రెండుసార్లు పడింది. దువ్వితే జుట్టు కుచ్చులుగా వచ్చేది. కనుబొమ్మలు పలచబడ్డాయి, గొంతు బొంగురుపోయింది. నడి ఎండలో కూడా చలి అనేది, కంబళి కప్పుకుని రుబ్బేది. ఆమెది బద్ధకమని అందరం అనుకున్నాం. అనుకోవడమే కాదు, అన్నాం.

నెలలు గడిచాయి, వదిన బయట చేరలేదు. అమ్మ మంత్రసానిని పిలిపించింది. వదిన అక్కడే కూర్చుని బియ్యం చెరుగుతోంది.

"ఏడాది తిరిగేలోగా కనబడితే కడుపు బాగున్నట్టేనండి. కనబడలేదంటే ఆ కడుపు ఇంక పండదండి," అంది మంత్రసాని.

"విన్నావా?" అంది అమ్మ వదిన వైపు తిరిగి. "ఉగాది దాకా చూస్తాను. తరవాత నా కొడుక్కి ఇంకో పిల్లని తెచ్చుకుంటాను. వచ్చిందానికి నువ్వు నీళ్ళు తోడి పెడుదువుగాని."

"ఆయ్," అంది వదిన. చెరగడం ఆపలేదు.

మా పెరట్లో కొబ్బరి చెట్ల అవతల చిన్న పాక ఉండేది. బయట చేరినవాళ్ళు నెలకు మూడు రోజులు అందులో ఉండాలి. ఎవరినీ ముట్టుకోకూడదు, ఏ పనీ చెయ్యకూడదు. అన్నం దూరంగా విస్తట్లో పెట్టి వెళ్తారు. నాలుగో నాడు చాకలామె వచ్చి బట్టలు తీసుకుపోతుంది, స్నానం చేసి ఇంట్లోకి రావాలి. తక్కిన ఆడవాళ్ళు ఆ పాకను అసహ్యించుకునేవారు. భాద్రపదంలో నేను అందులో ఉన్న రోజున వదిన చాప చంకన పెట్టుకుని వచ్చింది.

అమ్మ సంతోషంగా పెరటి గుమ్మంలో నిలబడి చూస్తోంది. వదిన చాప పరుచుకుని పడుకుంది. నిజమేనా అని అడిగాను.

"కాస్త పడుకోనీ అమ్మాయ్," అంది.

ఒకటిన్నర రోజు నిద్రపోయింది. అన్నానికి లేపినా లేవలేదు. మూడో రోజున లేచి కూర్చుని, చాకలామె రేపు వస్తుంది కదా అంది. నేను నా గుడ్డ రెండుగా చింపి సగం ఆమె వైపు తోశాను. ఆ రోజు ఆమె మీద జాలి కలిగిందని చెప్పలేను. పాకలో తోడు దొరికిందని సంతోషం కలిగింది.

ఆ తరవాత ప్రతి నెలా నా వెనకే వచ్చేది. రెండో నెలలో నిద్ర తీరాక కొబ్బరి ఈనె తీసి నేల మీద గీతలు గీసింది. అవి అక్షరాలు. బయట ఉన్నప్పుడు పుస్తకం తాకకూడదు కదా అన్నాను.

"నేల పుస్తకం కాదులే. రాయి," అంది.

నేను రాసేదాన్ని, తప్పైతే అరచేత్తో చెరిపేది. నాలుగో నెలకు నా పేరు, ఆమె పేరు, ఊరి పేరు రాయగలిగాను. అయిదో నెలకు వాక్యం చదివాను. మిగిలిన ఇరవై ఏడు రోజులూ ఇంట్లో మేమిద్దరం మాట్లాడుకునేవాళ్ళం కాదు. ఆమెకు పని, నాకు పని. ఆ మూడు రోజులతో ఆమెకు కాస్త రంగు కూడా వచ్చింది. అమ్మ ఉగాది మాట ఎత్తడం మానేసింది.

ఆరో నెల మాఘంలో వచ్చింది. నాకు పొత్తికడుపులో నొప్పి. ముడుచుకుని పడుకుని మూలుగుతున్నాను. వదిన మజ్జిగన్నం తింటూ నన్ను చూసి నవ్వింది.

"దేవుడు ఇల్లు మారి ఇచ్చేడమ్మాయ్. కావలసిన నాకు మానేసేడు. అక్కర్లేని నీకు నెలనెలా పంపుతున్నాడు."

పురుడయ్యాక ఆమె నవ్వడం నేను చూసింది అదే మొదలు. మా ఇద్దరి బతుకు మీదా కలిపి నవ్వింది. ఇప్పుడు అది తెలుస్తుంది. అప్పుడు నా చెవిన అక్కర్లేని అన్న మాట ఒక్కటే పడింది. నా తల గురించి, నా జాతకం గురించి ఇంట్లో అందరూ ఏదో ఒకటి అనేవారు. ఆమె ఒక్కతే ఎప్పుడూ అనలేదు. నేను గోడ వైపు తిరిగి పడుకున్నాను. ఆమె నేల మీద ఏదో రాసి పిలిచింది. చూడలేదు.

నాలుగో నాడు స్నానం చేసి నేరుగా అమ్మ దగ్గరికి వెళ్ళాను. అమ్మ పప్పులో రాళ్ళు ఏరుతోంది.

"అమ్మా, వదినకి రావట్లేదు. ఆ గుడ్డలు నావి."

అమ్మ తల ఎత్తలేదు. "ఎన్నాళ్ళ నించీ?"

"మొదటి నించీ."

"సరే. ఎవరితో అనకు. నీకు రాత్రికి మినపరొట్టి వేస్తాను," అంది.

వేసింది. తిన్నాను.

మరుసటి నెల నా రోజులు దగ్గర పడుతుండగా అమ్మ నన్ను కొత్తపేటలో పెద్దమ్మ ఇంటికి వెళ్ళమంది. వడియాలు పెట్టడానికి మనిషి కావాలట. ఎందుకు పంపుతోందో నాకు తెలుసు. తెలిసే బండెక్కాను. పెరటి గుమ్మం దగ్గర వదిన ఎప్పుడొస్తావని అడిగింది. పదిరోజులకు అన్నాను. ఆమె వేళ్ళ మీద ఏదో లెక్క చూసుకుంది. గుడ్డ సంగతి చాకలామెకు ఏదైనా చెప్పి వెళ్తానేమోనని కొంతసేపు నా ముఖం చూస్తూ నిలబడింది.

జరిగింది నేను తిరిగి వచ్చాక చాకలామె చెప్పింది. ఉగాదికి ఇంకా ఇరవై రోజులు. వదిన ఒంటరిగా చాప తీసుకుని పాకలోకి వెళ్ళింది. మూడో రోజున కొబ్బరాకులు చీల్చే కత్తితో పిక్క కోసుకుని గుడ్డ తడిపింది. నాలుగో నాడు పొద్దున్నే అమ్మ వీధిలో ఆడవాళ్ళను అయిదుగురిని పిలిచి పెరట్లో నిలబెట్టింది. అందులో ఎదురింటి ఇల్లాలూ ఉంది. ఆ పనికి ఆమెతో మాటలు కలిశాయి. చాకలామె చేత కర్రతో గుడ్డ విప్పించింది. తరవాత వదినను చీర మోకాలి దాకా ఎత్తమంది. వదిన ఎత్తలేదు. అమ్మ ఆ కర్రతోనే ఎత్తింది. పిక్కకు కట్టిన పేలిక ఆ ఆడవాళ్ళందరికీ కనబడింది.

"మరేం ఫరవాలేదు," అందట అమ్మ. "మైల లేని మనిషి దొరకడం నా అదృష్టం. ఇంక ముప్పై రోజులూ మడివంట దీనిదే. ఒక్క పూట కూడా తప్పదు." ఆడవాళ్ళు నవ్వారట.

చాకలామె మూట ఎత్తుకుంటూ, "తమరు ఊళ్ళో ఉంటే ఇలా జరిగేది కాదండి అమ్మగోరూ," అంది.

అన్నయ్య పండక్కి వచ్చాడు. అంతా విన్నాడు. భోజనం చేసి, పులుసులో ఉప్పు తక్కువైందన్నాడు. వైశాఖంలో రాజోలు వైపు నుంచి పదకొండేళ్ళ పిల్లను చేసుకున్నాడు. ఆ పెళ్ళి గృహప్రవేశానికి వంట వదినే చేసింది. పిక్క మీది కోత అప్పటికింకా మానలేదు. పొయ్యి దగ్గర కూర్చుంటే చలి కాస్త తగ్గుతుందని ఎవరితోనో అందట. అది అమ్మకు తెలిసి, సుఖపడుతోంది కదా అంది.

కొన్నాళ్ళకు ఆ కొత్త పిల్ల కూడా పాకలోకి రావడం మొదలుపెట్టింది. నేల మీద నేను రాసుకుంటుంటే ఇదేమిటని అడిగింది. ఆమెకు నేను నేర్పలేదు.

మాకు విస్తరి తెచ్చేది వదినే. తడిచీరతో వచ్చి, కొబ్బరి చెట్టు మొదట్లో పెట్టి, "అమ్మాయిగారూ, పెట్టేనండి," అని వెళ్ళేది. నన్ను మీరు అనడం ఆమె అప్పుడే మొదలుపెట్టింది. ఆ తరవాత ఆమె బతికిన తొమ్మిదేళ్ళలో ఒక్కసారి, నేను పాకలో ఒంటరిగా ఉన్నప్పుడు, అమ్మతో చెప్పింది నేనే అన్నాను.

"తెలుసండి," అంది. "చల్లారిపోతుంది, తినండి."

ఆమె పోయిన రోజు నేను పాకలో ఉన్నాను. మార్గశిరం, రెండో రోజు. అన్నయ్య రెండో భార్య లోపల పురిటిగదిలో ఉంది, మూడో కాన్పు. పొద్దెక్కినా విస్తరి రాలేదు. నాకు ఆకలి వేసింది. ఇంత ఆలస్యమేమిటని విసుక్కున్నాను. వంటింటి మీద పొగ లేదు. చాలాసేపటికి అమ్మ కర్ర పొడుచుకుంటూ పెరటి గుమ్మం దాకా వచ్చింది.

"అది లేవలేదే. పొయ్యి ముందరే పడి ఉంది. నాలుగు రోజులుగా దగ్గుతోంది," అంది. తరవాత పురిటిగది వైపు చూసింది, నా వైపు చూసింది. "అది పురిట్లో, నువ్వు బయట. శవం లేచేక నలుగురికీ వండేదెవరు? సరిగ్గా ఈ మూడు రోజులే దొరికేయి దీనికి."

నేను వెళ్ళడానికి లేదు. పాకలో నుంచి ఇంటి పక్క సందు మాత్రం కనబడుతుంది. మధ్యాహ్నం ఆ సందులో నుంచి కట్టెలు మోసుకుపోవడం చూశాను. నేల మీద ఆమె పేరు రాశాను, కాసేపు ఉంచి అరచేత్తో చెరిపాను.

నాలుగో నాడు స్నానం చేసి వంటింట్లోకి వెళ్ళాను. పొయ్యిలో బూడిద ఎవరూ తియ్యలేదు. తీసి, అలికి, నిప్పు చేశాను. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో వంట నాది. ఇప్పుడు నాకూ ముట్లుడిగి నాలుగేళ్ళయింది. పెరటి పాక కిందటి గాలివానకు కూలిపోయింది. కర్రలు మంచివి ఏరి పొయ్యిలోకి వాడాను.