మొగుడి సాక్ష్యం చెల్లదు

నా భార్య శ్రీలంకలో పుట్టింది. పెళ్లయి మా ఊరు నగరికి వచ్చి ముప్పై ఏళ్లు దాటినా, ఇప్పటికీ ఏటేటా నా పూచీ మీద వీసా పొడిగించుకుంటూ ఉంటోంది. పౌరసత్వం దరఖాస్తు ఎటూ తేలదు. పాత విచారణకు గడువు తీరిందని పోలీసులు మళ్లీ వస్తారు. ఆమెను మొదటి నుంచీ ఎరిగిన ఇరుగుపొరుగు ఇద్దరు సంతకం పెట్టాలి.

ఇదివరకు రెండుసార్లూ ఎదురింట్లో మగ్గం నేసే ఆయన, పక్కింటి ముసలామె పెట్టారు. ఇప్పుడు ఇద్దరూ లేరు. వాళ్లు పోయిన రోజులు నా డైరీలో ఉన్నాయి.

నిన్న వచ్చిన కానిస్టేబుల్‌తో, "నేనుండాను కదప్పా, ఆమె రైలు దిగినప్పట్నించీ సూస్తా ఉండాను" అన్నాను.

"మొగుడు పనికిరాడు సార్."

"నేనూ ముప్పై ఏండ్లుగా అదే చెప్తా ఉండానబ్బా" అంది నా భార్య, అతనికి కాఫీ ఇస్తూ. ముగ్గురం నవ్వాం.

అతను వెళ్లాక వీధి చివరిదాకా తిరిగాను. అన్నీ అద్దెకు వచ్చిన కుటుంబాలే. "మేమొచ్చి రెండేండ్లే పెద్దాయనా" అన్నారు ఒకరు.

ఇంటికొచ్చి ఎవరూ దొరకలేదని చెప్పాను. ఆమె కాగితాలు కవర్లో పెడుతూ, "రేపు మీరూ లేకపోతే నాకు పూచీ ఎవురు?" అంది.

నాకు డెబ్బై ఆరు. కాఫీ గ్లాసులు తీసి లోపల పెట్టాను.