కుర్చీ లేని తరగతి

ఆ ఫిబ్రవరి మధ్యాహ్నం డెట్రాయిట్‌లో మంచు పడి మా బస్సు ఆలస్యమైంది. వెయిటింగ్ హాల్లో గోడకి ఆనుకుని నిలబడిన ఒకామె నా చేతిలోని తెలుగు బైబిల్ చూసి పలకరించింది. సర్కారు డబ్బుతో ప్రైవేటువాళ్ళు నడిపే చార్టర్ స్కూల్లో లెక్కల టీచరట. నా పక్క సీటు ఖాళీగా ఉంది, కూర్చోమన్నాను.

"అలవాటు తప్పిందక్కా," అని నవ్వింది. "మా క్లాసుల్లో టీచర్‌కి కుర్చీ ఉండదు. ప్రిన్సిపాల్ తలుపు అద్దంలోంచి చూసి మార్కులు వేస్తుంది. పిల్లలకి కాదు, మాకు."

నేనూ నవ్వాను. అప్పుడు చూశాను, కోటు మీదుగా పొట్ట పట్టుకుని ఉంది.

"ఎన్నో నెలమ్మా?"

"నాలుగు. స్కూల్లో చెప్పలేదు. కాంట్రాక్ట్ ఏప్రిల్‌లో రెన్యూ అవ్వాలి. పోయినేడాది ఒకామె ముందే చెప్పేసింది, ఆమెకి రెన్యూ చేయలేదు. ఎందుకని అడగడానికి మాకు యూనియన్ కూడా లేదు. ఉద్యోగం పోతే నా వీసా కూడా పోతుంది." నా చేతిలోని బైబిల్ వైపు చూసి అడిగింది. "ప్రార్థన చేస్తారా అక్కా? ఏప్రిల్ దాకా కడుపు కనబడకూడదని."

మా సంఘంలో ఎందరో గర్భిణుల తలమీద చేయి ఉంచి, బిడ్డ చక్కగా ఎదగాలని ప్రార్థించినదాన్ని. ఆమె చేయి పట్టుకుని, "ప్రభువా, ఈ బిడ్డను ఎవరికీ కనబడనివ్వకు," అన్నాను. ఆమె గట్టిగా ఆమెన్ అంది. బస్సు వచ్చేదాకా కూర్చోలేదు.

ఇప్పటికీ ఆదివారం పాట అయ్యాక పాస్టరుగారు అందరినీ కూర్చోమంటే, నేను ఒక్క క్షణం నిలబడిపోతాను. ఆ ప్రార్థనను ఆలకించమని అడగాలో, క్షమించమని అడగాలో నాకు తెలియదు.