నేను బయటికి వెళ్ళాక మావాడు నడిచిన నడక

గిద్దలూరులో మాది చెప్పుల దుకాణం. బళ్ళు తెరిచే జూన్ నెలలో మాకు ఊపిరి సలపదు. ఆ రద్దీలోనే ఒక సాయంత్రం మావాడు విష్ణు ఎడమ కాలు ఈడ్చుకుంటూ బడి నుంచి వచ్చాడు. అప్పుడు వాడికి ఏడేళ్ళు. "మోకాలు నొప్పి నాయనా" అన్నాడు. ఆటల్లో పడి ఉంటాడనుకుని ఇంత బామ్ రాసి పడుకోబెట్టాం. తగ్గినట్టే తగ్గి మళ్ళీ మొదలయింది. బాగా పరిగెత్తిన రోజు ఎక్కువ, ఇంటిపట్టున ఉన్న రోజు తక్కువ.

మార్కాపురం తీసుకెళ్ళాం. నొప్పి మోకాల్లో అంటున్నాడు కాబట్టి మోకాలికే ఎక్స్‌రే తీశారు. అందులో ఏమీ లేదు. "గ్రోయింగ్ పెయిన్స్, ఎదిగే వయసు నొప్పులు అయి ఉండొచ్చు, తగ్గకపోతే మళ్ళీ తీసుకురండి" అన్నారు డాక్టరు. తగ్గలేదు. నేను తీసుకెళ్ళలేదు. డాక్టరే ఏమీ లేదన్నాక ఇంకేముంది, బడి ఎగ్గొట్టడానికి వేషాలని తేల్చేశాను. మా ఆవిడ రమ ఒప్పుకోలేదు. "నిద్రలో గూడా ఆ కాలు ముడుచుకొని మూలుగుతాండాడు. నిద్రలో గూడా వేషాలేస్తారా ఎవురన్నా?" అంది. దుకాణం తెరిచే వేళకు ఇవేం మాటలని కసురుకున్నాను.

నా అసలు బాధ వేరే. కొమరోలు నుంచి వచ్చే పాత బేరగాడు ఒకాయన ఒకరోజు వాడి నడక చూసి, "ఏం శెట్టన్నా, నీ కొడుకే కుంటుతాంటే మేము నీకాడ చెప్పులెట్ల కొనేది? ఏంది, కరిచినాయా?" అన్నాడు. కూర్చున్న వాళ్ళంతా ఘొల్లుమన్నారు. వాళ్ళతో పాటు నేనూ నవ్వాను గానీ, తల కొట్టేసినట్టయింది.

ఆ సాయంత్రమే చెప్పులవాడి బుర్ర పనిచేసింది. మెత్తటి ప్యాడ్ ఒకటి మడమ కొలతకు కోసి వాడి ఎడమ బూటులో అతికించాను. ఆ కాలు కాస్త పొట్టిగా పడుతున్నట్టుంది, ఎత్తు సరిపోయేసరికి కుంటు సగం కనపడకుండా పోయింది. మిగతా సగం వాడికే అప్పజెప్పాను. "జనం ఉన్నప్పుడు చక్కంగ నడువురా. అందురూ నవ్వుతాండారు" అన్నాను. వాడు నేర్చుకున్నాడు. పెదవి పంటికింద బిగబట్టి, నడుం బిర్రుగా పెట్టి, వాకిలి నుంచి గల్లాపెట్టె దాకా తిన్నగా వచ్చేవాడు. నేను "భలే" అనేవాణ్ణి. ఆ మాట వినడానికి వాడు ఎంత నొప్పి మింగాడో తలుచుకుంటే ఇప్పటికీ నాకు అన్నం సహించదు.

దసరా నాటికి వాడు కింద బాసింపట్టు వేసుకుని కూర్చోలేకపోయాడు. ఎడమ తొడ పక్కకి రాదు. రమ నన్ను అడగడం మానేసి తనే వాణ్ణి బస్సెక్కించి మళ్ళీ మార్కాపురం తీసుకెళ్ళింది. ఈసారి హిప్ ఎక్స్‌రే తీశారు. "ఇది పెర్తెస్ డిసీజ్. తుంటి కీలులో బంతిలాంటి ఎముకకు బ్లడ్ సప్లై తగ్గి మెత్తబడింది. తుంటిలో నొప్పి పిల్లలకు మోకాల్లో తెలుస్తుంది. హైదరాబాద్ తీసుకెళ్ళండి" అన్నారట. ఇంటికొచ్చి ఈ మాటలు చెప్పి, రమ హైదరాబాద్‌కు బట్టలు సర్దడం మొదలుపెట్టింది.

హైదరాబాద్‌లో ఎమ్మారై తీశారు. అక్కడి డాక్టరు, "బంతి షేప్ మారడం మొదలైంది. ఇప్పుడే సర్జరీ చేయాలా, ఫిజియోతో కొంతకాలం ఆగొచ్చా అన్నది ఇంకా తేల్చి చెప్పలేం. నడకను కూడా కొలిచి నిర్ణయిద్దాం. గెయిట్ అనాలిసిస్ చేయించండి" అన్నారు.

అదొక పొడుగాటి గది. గోడల పైన చుట్టూ కెమెరాలు. నేలలో కాలి బరువును కొలిచే ఫోర్స్ ప్లేట్లు. పరీక్ష చేసే ఫిజియోథెరపిస్టు అమ్మాయి విష్ణుకి చెడ్డీ ఒక్కటే ఉంచి, బూట్లు విప్పించింది. ఎడమ బూటు పట్టుకుని లోపల వేలు పెట్టి, "ఇది ఎవరు పెట్టారండీ?" అంది. నేనేనన్నాను. "డాక్టరుగారు పెట్టమన్నారా?" అంది.

తుంటికి, మోకాలికి, మడమకు రేగుపండ్లంత మార్కర్లు అతికించి, "ఇంట్లో నడిచినట్టే నడువు నాన్నా" అంది. వాడు నా వైపు చూశాడు. పెదవి బిగబట్టాడు. గది ఆ చివరి దాకా తిన్నగా నడిచి వెనక్కి తిరిగి మళ్ళీ నా మొహం చూశాడు. నాకు తెలియకుండానే తల ఊపాను.

ఎన్నిసార్లు నడిపించినా అదే. ఆ అమ్మాయి డాక్టరును పిలిచింది. ఆయన కంప్యూటరు చూసి, "ఎక్స్‌రే అలా ఉన్న పిల్లవాడు ఇలా నడవడు. ఇది చూసి నేను సర్జరీ వద్దంటే నష్టపోయేది వీడే. మీరు కాసేపు బయట ఉండండి" అన్నారు.

పక్కనున్న కంప్యూటరు గదిలో నిలబడ్డాను. తలుపు ఓరగా వేసి ఉంది. లోపల నుంచి వాడి గొంతు వినిపించింది.

"అక్కా, మా నాయన పోయినాడా?"

"వెళ్ళిపోయారు నాన్నా."

"అయితే ఇట్ల నడిస్తే తిట్టరు గదా?"

తెరమీద ఆ మార్కర్లు చుక్కలై కదిలాయి. ఎడమ కాలు మీద బరువు పడ్డప్పుడల్లా ఒళ్ళంతా ఆ పక్కకి ఒరిగిపోతోంది. ఇన్ని నెలలూ నా కళ్ళెదుట తిరిగిన కొడుకు నడకను మొదటిసారి తెరమీద చుక్కల్లో చూశాను. అక్కడ పనిచేసేవాళ్ళు చూస్తున్నారని కూడా లేకుండా ఏడ్చాను. అది జాలి కాదు, సిగ్గు.

సర్జరీ చేశారు. ఆస్టియాటమీ అంటారు, ఎముకను కోసి కోణం మార్చి ప్లేట్ వేశారు. నడుం నుంచి కాలి దాకా పిండికట్టు. కట్టు కింద పుండు పడింది, జ్వరం వచ్చింది, మళ్ళీ ఆసుపత్రిలో చేర్చాం. కట్టు విప్పాక తొడ పుల్లలా ఉంది. ఫిజియో చేయిస్తుంటే వాడు రమను పిలిచి ఏడ్చేవాడు. నన్ను పిలిచేవాడు కాదు.

ఇప్పుడు వాడు బడికి పోతున్నాడు. దూకవద్దన్నారు. సాయంత్రానికి అలిసిపోతే కొంచెం ఒరుగుతాడు. దుకాణంలో ఎవరైనా అడిగితే జబ్బు పేరు చెప్తున్నాను. చెప్తుంటే ఇంకా చెవులు వేడెక్కుతాయి, అబద్ధమెందుకు.

ఇలాంటి పరీక్షకు మీ బిడ్డను తీసుకెళ్తే, ఒక్కసారైనా మీరు బయట ఉండగా నడిపించమని అడగండి. మొన్న చెకప్‌కి వెళ్ళినప్పుడు నేను ఆ తలుపు దగ్గర ఆగి, "లోపలికి రమ్మంటావా?" అని వాణ్ణే అడిగాను. నన్ను నొప్పించకూడదనేమో, నా చెయ్యి పట్టుకుని మెల్లగా చెప్పాడు.

"బయటే ఉండు నాయనా."